ఎలిజబెత్ కాట్లెట్: చెక్కలో ముఖం, లినోలియంలో ముఖం

(సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. తెర మీద రెండు బొమ్మలున్నాయి, చూడండి. ఎడమపక్కది 1952 నాటి లినోకట్, అంటే లినోలియం పలక చెక్కి దానితో అచ్చువేసిన బొమ్మ. పేరు ‘షేర్‌క్రాపర్’. వెడల్పాటి గడ్డిటోపీ పెట్టుకున్న ముసలావిడ. కుడిపక్కది 1968 నాటి సీడర్ చెక్క శిల్పం, ‘నా నల్ల చెల్లెళ్ళకు నివాళి’. తల పైకెత్తి, పిడికిలి ఇంకా పైకెత్తి నిలబడ్డ స్త్రీ. రెండూ అమెరికాలో పుట్టిన నల్లజాతి శిల్పి, ముద్రణ కళాకారిణి ఎలిజబెత్ కాట్లెట్ చేసినవే. ఎడమవైపు ముఖంలో ముడతలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తాయి. కుడివైపు ముఖంలో ఏముంది? వెతకండి. నున్నటి కోలముఖం, దాని మీద ఒకటి రెండు ఎత్తుపల్లాలు. అంతే. ఒకే మనిషి చేతిపని. ఒకచోట ముఖం నిండా గీతలు, ఇంకోచోట ముఖం మాస్కులాగా ఉంది. ఎందుకిలా? ఈరోజు నేను మాట్లాడేదంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

వయసుతోపాటు శైలి మారిందని సరిపెట్టుకోవచ్చు కదా అంటారేమో. కుదరదు. 1946లో ఆవిడ లినోకట్‌లు చెక్కుతూనే ‘అలసిపోయింది’ అనే కాల్చిన మట్టి బొమ్మ చేసింది. 1968లో సీడర్ శిల్పాలు చేసి, 1969లో మళ్ళీ ‘మాల్కం ఎక్స్ మన తరఫున మాట్లాడుతున్నాడు’ అనే లినోకట్ వేసింది. రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. కాబట్టి ఆవిడ వయసులో జవాబు దొరకదు. ఏ పదార్థాన్ని చేతిలోకి తీసుకుంది, ఎవరి కోసం తీసుకుంది, అక్కడ వెతకాలి.

జీవితం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 1915లో వాషింగ్టన్‌లో పుట్టింది. తాతలు, అమ్మమ్మలు బానిసత్వం చూసినవాళ్ళు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ సాంకేతిక విద్యాలయంలో చదవబోతే, నల్లపిల్ల అని చేర్చుకోలేదు. వాషింగ్టన్‌లోనే నల్లవారి కోసం ఉన్న హవర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి 1935లో పట్టా పుచ్చుకుంది. అక్కడ లోయీస్ మైలూ జోన్స్ ఆవిడ గురువుల్లో ఒకరు. ఆఫ్రికా మాస్కులనే వస్తువుగా తీసుకుని 1938లో బొమ్మ గీసిన చిత్రకారిణి. ఆలెన్ లాక్ కూడా హవర్డ్‌లోనే ఉన్నాడు. నల్ల కళాకారులు ఆఫ్రికా శిల్పాన్ని తమ వారసత్వంగా చదువుకోవాలని గట్టిగా వాదించినవాడు. అంటే ఇరవయ్యేళ్ళు నిండకముందే ఆవిడకి మాస్కు అనేది గోడకి వేలాడే వింత వస్తువు కాదు, పాఠం.

తర్వాత అయోవా. అక్కడ చిత్రకారుడు గ్రాంట్ వుడ్ దగ్గర చదివింది. నీకు బాగా తెలిసినదాన్నే చెయ్యమని ఆయన చెప్పేవాడు. ఈవిడకి బాగా తెలిసింది నల్ల స్త్రీలు. సున్నపురాయిలో తల్లీబిడ్డా శిల్పం చెక్కింది. 1940లో ఆ విశ్వవిద్యాలయంలో శిల్పంలో ఎంఎఫ్‌ఏ, అంటే కళలో మాస్టర్స్ పట్టా అందుకుంది. అదే ఏడాది షికాగోలో జరిగిన నల్లజాతి ప్రదర్శనలో ఆ శిల్పానికి మొదటి బహుమతి వచ్చింది. ఇంత జరిగిన అయోవాలోనే నల్ల విద్యార్థులకి హాస్టల్లో గది ఇచ్చేవాళ్ళు కాదు.

న్యూ ఆర్లియన్స్‌లో పాఠాలు చెప్పేటప్పటి సంగతి ఒకటి చెప్పాలి. డెల్గాడో మ్యూజియంలో పికాసో ప్రదర్శన పెట్టారు. మ్యూజియం ఉన్న పార్కులోకి నల్లవాళ్ళకి ప్రవేశం లేదు. ఆవిడ ఏం చేసిందీ? మ్యూజియానికి సెలవురోజు చూసి, విద్యార్థుల్ని బస్సులో తిన్నగా గుమ్మం దాకా తీసుకెళ్ళి దింపించింది. పార్కులో అడుగు పెట్టకుండా మ్యూజియంలోకి! ఆ పిల్లల్లో చాలామందికి మ్యూజియం లోపల ఎలా ఉంటుందో చూడటం అదే మొదలు. కళ ఎవరి కంట పడుతుంది, ఎవరి కంట పడకుండా ఆపుతున్నారు అన్నది ఆవిడకి పుస్తకాల్లో చదివిన విషయం కాదు. దీన్ని గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే ముద్రణ వైపు ఆవిడ ఎందుకు వెళ్ళిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

1946లో రోజెన్‌వాల్డ్ ఫెలోషిప్ మీద మెక్సికో వెళ్ళింది. అక్కడ 1937 నుంచి ‘తాయెర్ దె గ్రాఫికా పొపులార్’ అని ప్రజా ముద్రణశాల ఒకటి నడుస్తోంది. లియొపోల్దో మెందెస్, లూయిస్ అరెనాల్, పాబ్లో ఒహిగిన్స్ పెట్టింది. సమ్మెలకి పోస్టర్లు, అక్షరాస్యతకి కరపత్రాలు, రైతు సంఘాలకి బొమ్మలు. పని చేసే తీరు కూడా వేరు. ఎవరు ఏ బొమ్మ వేసినా ముందు నమూనా తెచ్చి బల్లమీద పెట్టాలి. అందరూ విమర్శిస్తారు. ఈ బొమ్మ చూసి చదువురానివాడికి విషయం తెలుస్తుందా? ఇదీ అక్కడి పరీక్ష. 1966 దాకా ఆవిడ అందులో సభ్యురాలు.

అక్కడ చేసిన మొదటి పెద్ద పని 1946, 47ల్లో చెక్కిన పదిహేను లినోకట్‌ల వరుస, ‘నీగ్రో స్త్రీ’. చాలా బొమ్మలు నోటుపుస్తకం పేజీ కంటే చిన్నవి. వాటి శీర్షికలు వరసగా చదివితే ఒకే మనిషి మాట్లాడుతున్నట్టుంటుంది. నేను నీగ్రో స్త్రీని. అమెరికాలో ఎప్పుడూ గొడ్డుచాకిరీ చేశాను. పొలాల్లో. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో. ప్రపంచానికి నా పాటలిచ్చాను. తర్వాత బానిసత్వం మీద పోరాడిన సొజర్నర్ ట్రూత్‌గా, హారియెట్ టబ్మన్‌గా, కవయిత్రి ఫిలిస్ వీట్లీగా కూడా ఆ ‘నేను’ అనే గొంతే మాట్లాడుతుంది. పొలంలో చాకిరీ చేసే పేరులేని స్త్రీ, చరిత్రకెక్కిన టబ్మన్, ఇద్దరూ ‘నేనే’. వీరవనితల్ని ఎత్తైన పీఠం మీద నిలబెట్టి పనిమనిషిని కింద కూర్చోబెట్టే అలవాటును ఆవిడ ఒక్క సర్వనామంతో తీసేసింది. స్త్రీవాద కళలో ఇంత పొదుపైన ఎత్తుగడ చాలా అరుదని నా నమ్మకం.

ఇప్పుడు లినోలియం దగ్గరికొద్దాం. ఈ ముక్క మీకు అందిస్తున్నాను, చేతులు మార్చుకుంటూ చూడండి. అవిసెనూనె గట్టిపడేలా చేసి, అందులో బెరడుపొడి, జిగురు కలిపి, గోనెగుడ్డ మీద ఒత్తిన పలక ఇది. మందం సుమారు 3 మిల్లీమీటర్లు. కొయ్యకున్నట్టు దీనికి ఒక దిక్కుకి సాగే పోగు లేదు. ఉలి ఏ దిక్కుకైనా ఒకేలా పోతుంది. ధర తక్కువ, మెత్తన. అందుకే ముద్రణశాలకి ఇష్టమైంది.

చలికి పలక బిరుసెక్కితే ఉలి కింద పెళుసుగా విరుగుతుంది. కొంచెం వెచ్చబెట్టాలి. బొమ్మని తిరగేసి దించుకోవాలి, అచ్చులో కుడి ఎడమ అవుతుంది కాబట్టి. ఈ వరుసలో ఒక బొమ్మలో స్త్రీ బస్సులో కూర్చుని ఉంటుంది, నల్లవాళ్ళకి మాత్రమే అని బోర్డు ఉంటుంది. ఆ అక్షరాల్ని ఒక్కొక్కటే తిరగేసి చెక్కాలి. కొత్తగా చేసేవాళ్ళు బొమ్మంతా సరిగ్గా తిప్పుకుని, అక్షరాల దగ్గర పప్పులో కాలేస్తారు. పలక మీద గీసి వెంటనే చెక్కెయ్యకుండా, ముందు అద్దంలో పెట్టి చదువుకోండి.

సన్న గీతకి ‘వి’ ఆకారం ఉలి, పెద్ద జాగా ఎత్తెయ్యడానికి ‘యు’ ఆకారం ఉలి. లోతు ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర. గోనెగుడ్డ తగిలేదాకా దింపకండి, పోగులు పైకి లేచి ఇంకు పట్టేస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, మిగిల్చిన గీత గోడలు కిందకి వెడల్పయ్యేలా వాలుగా ఉండాలి. లోపలికి కోసుకుపోతే పైన గీత నిలబడ్డట్టే ఉంటుంది, పది అచ్చులకి ప్రెస్సు కింద ముక్క ఊడొస్తుంది. వంపు తిరిగేచోట ఉలిని తిప్పకండి, పలకని తిప్పండి. రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి మొన వెనకే ఉండాలి. ఇది మాత్రం మళ్ళీ చెప్తాను: రెండో చెయ్యి మొన వెనకే!

ఇంకు సంగతి. గాజు పలక మీద రోలరుతో పరిచినప్పుడు పట్టు చిరిగినట్టు సన్నటి చప్పుడు రావాలి. జిగట చప్పుడొస్తే ఇంకు ఎక్కువైంది, సన్న గీతలన్నీ పూడుకుపోతాయి. తక్కువైతే నల్లటి జాగాలో తెల్లచుక్కలు లేస్తాయి. మందంగా ఒకసారి పూసే కంటే పల్చగా నాలుగైదుసార్లు పూయడం మేలు. ప్రెస్సు లేనివాళ్ళు కాగితం వెనక చెంచా వీపుతో రుద్దొచ్చు. మధ్యనుంచి అంచులకి రుద్దాలి, కాగితం కదిలితే గీత జంటగా పడుతుంది.

ఇంత తెలిశాక ‘షేర్‌క్రాపర్’ని దగ్గర్నుంచి చూద్దాం. బొమ్మ సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు, 43 వెడల్పు. పలకలో ఉలి తీసేసింది తెలుపు, మిగిలింది నలుపు. అంటే చీకట్లోనుంచి వెలుతురుని తవ్వి తీస్తున్నారు. టోపీ మీద గీతలు చూడండి, గడ్డి అల్లిక ఎటు తిరిగితే గీత అటు తిరుగుతుంది. చెంప మీద గీత ఎముకని పట్టుకుని వంగుతుంది. మెడ దగ్గరకొచ్చేసరికి నిలువుగా, నరాల్లాగా దిగుతుంది. కోటు మీద ఉలి దెబ్బ మారిపోయి పొడుగ్గా, గరుగ్గా ఉంటుంది. ఒకే పరికరం, నాలుగు రకాల చలనం. విద్యార్థులు దీన్ని అనుకరించబోయి ఎక్కడ దెబ్బతింటారంటే, ముఖమంతా ఒకే దిక్కుకి, ఒకే ఎడంతో గీస్తారు. ముఖం బూడిదరంగు మచ్చలా తయారవుతుంది. గీత దిక్కు మారినచోటే కన్ను ఎముకని చూస్తుంది.

ఇక ఆ కోటు గుండీల దగ్గర చూడండి. వెనక కూర్చున్నవాళ్ళకి కనబడుతోందా? కొంచెం పెద్దది చేస్తాను. పిన్నీసు. గుండీ లేదు, పిన్నీసు పెట్టుకుంది. అమెరికా దక్షిణాదిలో షేర్‌క్రాపర్ అంటే సొంత భూమి లేక, పండినదాంట్లో పెద్ద వాటా భూస్వామికిచ్చి, విత్తనానికీ తిండికీ మళ్ళీ అతని దగ్గరే అప్పుచేసే రైతు. ఆ లెక్కంతా ఈ పిన్నీసులో ఉంది. అయితే మనం ఆవిణ్ణి ఎక్కణ్ణుంచి చూస్తున్నాం? కిందనుంచి. గడ్డం మన కంటికన్నా పైన ఉంది. రాజుల విగ్రహాల్ని చూపించే కోణం అది. జాలిపడే వీలు మనకివ్వలేదు.

కాగితం మీద బొమ్మ మన చేతికొస్తుంది. అడుగు దూరంలో పట్టుకుని చూస్తాం. కాబట్టి ముడత పని చేస్తుంది, పిన్నీసు పని చేస్తుంది. అందుకే అచ్చులో ముఖం ఒక ఫలానా మనిషిది. మరి శిల్పం?

శిల్పానికి ముందు మట్టి. మెక్సికోలో ఆవిడ ఫ్రాన్సిస్కో సున్యిగా అనే శిల్పి దగ్గర మట్టిపని నేర్చుకుంది. అంతకుముందు అమెరికాలో నేర్పేది తీగె ఆసరా కట్టి, దాని మీద మట్టి ముద్ద చేసి, ఆ తర్వాత అచ్చు తీసే పద్ధతి. సున్యిగా నేర్పింది ఆ నేలమీద స్పెయిన్‌వాళ్ళు రాకముందునుంచీ ఉన్న పద్ధతి. మట్టిని తాడులా పేని, చుట్టమీద చుట్ట పేరుస్తూ, బొమ్మని మొదటినుంచీ బోలుగానే లేపడం. లోపల ఆసరా ఏమీ లేదు. గోడ మందం ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు. మట్టిలో కాల్చిన మట్టిపొడి ఇరవై నుంచి ముప్ఫై శాతం కలిపితే ఆరేటప్పుడు తక్కువ కుంచించుకుంటుంది. కింది చుట్టలు కాస్త గట్టిపడకుండా పైవి పేరిస్తే నడుం దగ్గర కూలుతుంది. గట్టిపడ్డదాని మీద గీతలు గీకి, పల్చని మట్టిగుజ్జు రాసి, అప్పుడు అతకాలి. గాలి పోవడానికి కంతలుంచాలి. ప్లాస్టిక్ కప్పి రెండు మూడు వారాలు నెమ్మదిగా ఆరబెట్టాలి.

బట్టీలో బొమ్మ ఎందుకు పేలుతుంది? గాలి బుడగ వల్ల అని అందరూ చెప్తారు. అసలు కారణం తేమ. లోపల మిగిలిన నీళ్ళు 100 డిగ్రీలు దాటగానే ఆవిరై, బయటికి దారిలేక గోడని బద్దలుకొడతాయి. అందుకని వందలోపు కొన్ని గంటలు ఆపాలి. తర్వాత 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, అక్కడ కూడా తొందరపడకూడదు. వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల ఆపితే ఎర్రమట్టికి చాలు.

ఈ లెక్కలన్నీ ఎందుకు చెప్తున్నాను? ఆవిడ మట్టి స్త్రీల భంగిమ చూడండి. ‘అలసిపోయింది’లో స్త్రీ కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో కలిశాయి. 1956 నాటి తల్లీబిడ్డా చూడండి, బిడ్డ తల్లి ఒంట్లో ముడుచుకుని ఒకే ముద్దలా ఉంది. బయటికి చాపిన చెయ్యి లేదు, వేలు లేదు. చాపిన చెయ్యి బోలు మట్టిలో మొదట పగిలేది. మందం మారేచోట ఒకవైపు ముందు ఆరి, రెండోవైపు లాగుతుంది, పగులొస్తుంది. పదార్థం పెట్టిన ఈ షరతుని ఆవిడ భారంగా తీసుకోలేదు. తనలోకి తాను సర్దుకుని కూర్చున్న స్త్రీ బరువంతా దాన్నుంచే పుట్టించింది.

చెక్క దగ్గరికొస్తే, ఆవిడ హోసె రూయిస్ దగ్గర కొయ్యచెక్కడం నేర్చుకుంది. 1958లో మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయపు కళాశాలలో శిల్పం బోధించిన మొదటి స్త్రీ అయింది. మరుసటేడు ఆ శాఖకి అధిపతి. మగవాళ్ళతో నిండిన శాఖ అది. 1975 దాకా అక్కడే పనిచేసింది.

ఇప్పుడు మాస్కు. కోట్ దివార్, లైబీరియాల్లోని దాన్ ప్రజల మాస్కు చూడండి. కోలముఖం, సన్నగా చీరిన కళ్ళు, నిండు పెదాలు, అద్దంలా మెరిసే చర్మం. గబోన్‌లోని ఫాంగ్ మాస్కులో చెంపలు లోపలికి నొక్కినట్టుంటాయి, పొడవాటి ముక్కు మధ్యలో దిగుతుంది. వీటిలో ముడతలున్నాయా? లేవు. ఎందుకంటే మాస్కు నడుస్తుంది, ఆడుతుంది. కదులుతున్న ముఖాన్ని దూరంనుంచి చూడాలి. అక్కడ గీతకి పనిలేదు, వెలుగునీడలకే పని. నుదురు ఉబ్బు, కనుబొమ గట్టు, దాని కింద నీడ, ముక్కు అంచు. నాలుగైదు తలాలతో ముఖమంతా కట్టేస్తారు.

ఇంకో సంగతి స్త్రీవాదం గురించి ఆలోచించేవాళ్ళు తెలుసుకోవాలి. పశ్చిమాఫ్రికాలో మాస్కు తొడిగి ఆడే హక్కు ఎక్కువచోట్ల మగవాళ్ళది. సియెరా లియోన్‌లోని మెండే ప్రజల్లో సాండే అనే స్త్రీల సంఘంలో మాత్రం నల్లగా నిగనిగలాడే శిరస్త్రాణం లాంటి మాస్కు స్త్రీలే తొడుగుతారు. ఎత్తైన నుదురు, మెడ చుట్టూ మడతలు, కింద చిన్నగా, నిమ్మళంగా ఉన్న ముఖం. కాట్లెట్ దీన్ని చూసి చెక్కిందని నేను అనడం లేదు. ఆవిడ ఏ ఒక్క జాతి మాస్కునీ దించలేదు. దాన్ ముఖంలోని నునుపు, మెక్సికోలో ప్రాచీన ఓల్మెక్ ప్రజలు చెక్కిన రాతి తలల్లోని బరువు, రెండూ ఒకే చెక్కలో కలిసే తీరు కనుక్కుంది. అరువు తెచ్చుకోవడానికీ, నేర్చుకోవడానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది. కంటికి నచ్చిన ఆకారాన్ని ఎత్తుకొచ్చి అతికించవచ్చు. ఆ ఆకారం ఎందుకలా ఉందో అర్థం చేసుకుని తన పనికి వాడుకోవడం వేరు.

చెక్క స్వభావం కూడా తోడ్పడింది. మొద్దులో పోగు నిలువుగా పోతుంది. పోగుకి అడ్డంగా సన్న వివరం చెక్కితే లేచిపోతుంది. ఆరేటప్పుడు మొద్దు చుట్టుకొలత వైపు ఎక్కువ కుంచించుకుంటుంది, లోపలివైపు తక్కువ, అందుకే చీలిక ఎప్పుడూ కేంద్రంవైపు పోతుంది. అంగుళం మందానికి ఏడాది ఆరనివ్వాలని వడ్రంగుల లెక్క. అంత ఆగలేనప్పుడు, నడిబొడ్డు మెత్తని భాగం తీసేసి బోలు చేస్తే ఒత్తిడి తగ్గుతుంది. ఆ నిలబడ్డ స్త్రీ శిల్పంలో పొట్ట దగ్గర కోలగా ఖాళీ ఉంది చూశారా? గర్భమని వ్యాఖ్యానిస్తారు, సరైనదే. చెక్క పనివాడు మాత్రం అది చూడగానే మొద్దు పగలకుండా చేసిన పని కూడా అనుకుంటాడు. రెండూ నిజమే, ఒకదాన్నొకటి కొట్టేసుకోవు.

చివరి నునుపు చాలా ఓపిక పని. ఆకురాయితో ఉలి దెబ్బలు చెరిపి, గరుకు కాగితం 80తో మొదలుపెట్టి 120, 220, 400 దాకా వెళ్ళాలి. మధ్యలో ఒక నంబరు దాటేస్తే పాత గీత నూనె రాసినప్పుడు బయటపడుతుంది. 220 దగ్గర తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే పోగు లేస్తుంది, దాన్ని మళ్ళీ రుద్దాలి. చెక్క చారలు అప్పుడు చెంప వంపుని అనుసరించి తిరుగుతాయి. లినోలియంలో ఉలి గీసిన పనిని ఇక్కడ చెట్టే గీసిపెట్టింది.

‘నల్లవారి ఐక్యత’, 1968, ఇదీ సీడరే. ఫొటోలో చాలాసార్లు ఒకవైపే చూపిస్తారు, అది అన్యాయం. ఒకవైపు పెద్ద పిడికిలి. చుట్టూ తిరిగి వెనక్కి వస్తే రెండు ముఖాలు, మాస్కుల్లా ప్రశాంతంగా. కోపం ఏదీ? పిడికిలిలో ఉంది. ముఖాల్లో లేదు. ముఖానికి ఏ ఒక్కరి పోలికా లేదు కాబట్టి ఎవరిదైనా కావచ్చు. బహిరంగంగా నలుగురి మధ్య నిలబడే శిల్పానికి ఆ ముఖమే కావాలి. ఫలానా ఆవిడ ముడతలు అక్కడ పెడితే అది స్మారక విగ్రహం అయిపోయేది.

అయితే అవసరమైతే ఈ సూత్రాన్ని కూడా పక్కన పెట్టేది. 1970లో చేసిన కంచు తల ఒకటుంది, నల్ల యువకుడి తల ముందు తుపాకీ గురిచూసే చట్రం బిగించి ఉంటుంది. శిల్పాన్ని చూడాలంటే మనం ఆ చట్రంలోంచే చూడాలి. అక్కడ ముఖం మాస్కు కాదు, గుర్తుపట్టగలిగే మనిషి. చావు వచ్చిపడుతున్నది ఒక ఫలానా మనిషి మీద కాబట్టి.

ఇవన్నీ చేస్తున్న కాలంలో ఆవిడ సొంత దేశంలో అడుగు పెట్టలేని స్థితి. 1962లో మెక్సికో పౌరసత్వం తీసుకుంది. వామపక్ష సంబంధాలున్నాయని అమెరికా ప్రభుత్వం అవాంఛనీయ వ్యక్తిగా ముద్రవేసి రానివ్వలేదు. నల్లవారి ఉద్యమానికి అంత గట్టి శిల్పాలు ఆవిడ సరిహద్దు అవతల నుంచే చేసింది. 1971లో న్యూయార్క్‌లోని హార్లెం స్టూడియో మ్యూజియంలో తన ప్రదర్శనకి రావడానికి వీసా దొరికింది. అమెరికా పౌరసత్వం తిరిగి వచ్చింది 2002లో. 2012లో మెక్సికోలోని క్వెర్నవాకాలో కన్నుమూసింది, 96 ఏళ్ళకి.

ఆఖరుగా, మ్యూజియంలో ఆవిడ అచ్చులు చూసేవాళ్ళకి పనికొచ్చే మాట. చీటీ మీద రెండు సంవత్సరాలు కనిపిస్తే కంగారుపడకండి. మొదటిది పలక చెక్కిన ఏడాది, రెండోది అచ్చువేసిన ఏడాది. ‘షేర్‌క్రాపర్’ చెక్కింది 1952లో అయినా మనకి ఎక్కువగా కనిపించే ప్రతులు 1970 చుట్టుపక్కల వేసినవి. నలుపులో ఉన్నవీ ఉన్నాయి, రంగు కలిపినవీ ఉన్నాయి. ‘నీగ్రో స్త్రీ’ వరుస 1989లో మళ్ళీ అచ్చయింది, అప్పుడు పేరు ‘నల్ల స్త్రీ’ అయింది. కాబట్టి పేరు తేడాగా ఉంటే వేరే బొమ్మ అనుకోకండి, పలక అదే. బొమ్మ కింద పెన్సిలుతో ప్రతి సంఖ్య, పేరు, సంతకం ఉంటాయి, వాటిని ముందు చదవండి.

ఆ బల్లమీద పలకలు, ఉలులు, రోలరు పెట్టాం. ప్రశ్నలున్నవాళ్ళు అక్కడికే రండి, చేస్తూ మాట్లాడుకుందాం.